ఎర్రచుక్క మేస్త్రి

ఆ షెడ్డులో నలభై ఒక్క వ్యాన్లుండేవి. నలభై ఒక్కటికీ, డీజిలు ట్యాంకు అడుగున ఉండే బోల్టు మీద, కందిగింజంత ఎర్రరంగు చుక్క ఉండేది. చుక్క పెట్టింది మేస్త్రి. బండి కొత్తగా వచ్చిన రోజునే, సన్నటి కుంచెతో, సగం బోల్టు మీదా సగం ట్యాంకు మీదా పడేలా పెట్టేవాడు. చుక్క చెదరలేదంటే ఆ ట్యాంకును ఎవరూ విప్పలేదని ఒక అర్థం. విప్పాల్సిన అవసరమే రాలేదని ఇంకో అర్థం. మేస్త్రికి ఆ రెండో అర్థమే ప్రాణం. వేరే షెడ్లలో ఏడాదికోసారి ట్యాంకులు విప్పి కడుగుతారట అని ఎవరైనా అంటే, "పాపం, వాళ్లకి డీజిలు వడగట్టి పొయ్యడం రాదు కాబోలు" అని జాలిపడేవాడు. తను మాత్రం పాత దుప్పటి గుడ్డ నాలుగు మడతలు వేసి, దాంట్లోంచి వడగట్టిగాని చుక్క డీజిలు కూడా బండిలో పొయ్యనిచ్చేవాడు కాదు.

గుడ్డకి కరువు లేదు. అది హోటళ్లకీ ఆసుపత్రులకీ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు ఉతికి ఇస్త్రీ చేసి అందించే కంపెనీ. పొద్దున తెల్లటి మూటలతో వెళ్లిన బళ్లు మధ్యాహ్నానికి మాసిన మూటలతో తిరిగొచ్చేవి. మేస్త్రి ఊరిబడిలో అయిదో తరగతి దాకా చదివి, గుండ్రటి చేతిరాత తప్ప మరే ఆస్తీ లేకుండా, పదిహేడో ఏట ఆ గేటు దాటినవాడు. ఆ తర్వాతి ముప్పై నాలుగేళ్లలో అతను సాధించినవి చెప్పాలంటే రెండు చేతుల వేళ్లూ చాలవు. వరద నీళ్లు షెడ్డులోకి నడుముదాకా వచ్చిన ఏడాది, పదకొండు ఇంజన్లు విప్పి, తుడిచి, తువ్వాళ్లు ఆరబెట్టే వేడిగదిలో ఆరబెట్టి, నాలుగో రోజుకల్లా రోడ్డెక్కించాడు. బళ్లు తయారుచేసినవాళ్లు పంపిన ముగ్గురు నిపుణులు రెండు రోజులు కుస్తీపట్టి వదిలేసిన పదిహేనో నంబరు వెనకాల నిలబడి, ఒక్కసారి పొగ పీల్చి, "మూడో నాజిలు కారుతోంది" అన్నాడు. విప్పి చూస్తే, ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్లలో కారుతున్నది మూడోదే. అప్పటినుంచి అతని చేతులకన్నా ముక్కుకే పేరెక్కువైంది. పొగ పీల్చి ఇంజను ఒంట్లో ఎలా ఉందో చెప్పేవాడు. డీజిలు పీల్చి అది ఏ బంకుదో చెప్పేవాడు. ఈ సంగతులన్నీ కొత్తగా చేరిన ప్రతి డ్రైవరుకీ, ఇదే వరసలో, ఒక్క ముక్క పొల్లుపోకుండా వినిపించేవాడు. వినిపించాక బండి కిందికి వంగబెట్టి ఎర్రచుక్క చూపించేవాడు.

ఆ చుక్కను పట్టించుకోని మనిషి ఒక్కతే, అతని భార్య.

షెడ్డు ఆవరణలోనే, గోడవారన, నీళ్ల కొళాయి పక్కన పొయ్యి పెట్టుకుని, పెద్ద మూకుడులో ఇరవై రెండేళ్లు డ్రైవర్లకి వేడివేడిగా చిరుతిళ్లు వేయించి పెట్టిందామె. డ్రైవర్లందరికీ అక్క. మేస్త్రి ఇంటికి రాగానే, "అబ్బ, డీజిలు కంపు! గుమ్మంలోనే చొక్కా విప్పవయ్యా" అనేది. "నీ కొంగు పిండితే ఇంకో మూకుడు నిండుతుంది. నువ్వా నాకు చెప్పేది?" అనేవాడతను. ఎవరి వాసన ఎక్కువన్న తగువు పెళ్లయిన నాటినుంచి తెగలేదు. తెగాలని ఇద్దరిలో ఒకరూ కోరుకోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం, మరిగి మరిగి నల్లబడ్డ నూనెను పారబోస్తూ ఆమె చెయ్యి ఆపింది.

"ఏమయ్యా మేస్త్రీ, ఇంత నూనె మట్టిపాలు చెయ్యడానికి మనసొప్పడం లేదు. నీ ఏడో నంబర్లో పొయ్యకూడదూ? మనుషులు తిని నడవగా లేంది, బండి తాగి నడవదా?"

కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న డ్రైవర్లు గొల్లుమన్నారు. మేస్త్రికి పౌరుషం వచ్చింది. "బండంటే నీ మూకుడనుకున్నావటే? పో, అక్కడ వాయి మాడుతోంది చూసుకో."

"నడుస్తుందయ్యా. పందెం."

"ఏం పందెం?"

"నడిచిందనుకో, వీళ్లందరి ముందూ నువ్వు నోరారా 'నువ్వే గెలిచావే' అనాలి. జన్మలో ఒక్కసారైనా అన్నావా ఆ మాట?"

"ముందు నడవనీ, అప్పుడంటాను," అన్నాడు మేస్త్రి, ఆ రోజు ఎన్నటికీ రాదన్న ధీమాతో.

ఆ తర్వాత కొన్నేళ్లకి, జ్వరమని ఆసుపత్రిలో చేరిన ఆమె తొమ్మిదో రోజున కన్నుమూసింది. ఆమె మీద కప్పిన దుప్పటి మూలన నీలిదారంతో కుట్టిన గుర్తు ఉంది. తమ కంపెనీ గుర్తే. ఆ దుప్పటి తన బండిలోనే వెళ్లి ఉంటుందని మేస్త్రికి ఆ గదిలోనే తోచింది. అది ఎవరికీ చెప్పుకోలేదు.

ఆరేళ్లయింది. పొయ్యి ఉన్నచోట ఇప్పుడు సైకిళ్లు పెడుతున్నారు. గోడ మీద మాత్రం, మనిషి కూర్చున్నంత ఎత్తున, మసిమరక అలాగే ఉంది. రెండుసార్లు సున్నం వేయించారు. రెండుసార్లూ పైకి తేలింది. మేస్త్రికి ఆమె ముఖం ఫోటోలో ఉంది. గొంతు కూతురి గొంతులో కొంత ఉంది. పోయింది వాసనే. ఒక ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మూకుడు పొయ్యిమీద పెట్టి, నూనె పోసి, కాగనిచ్చి, పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. నూనె వాసన వచ్చింది గానీ ఆమె వాసన రాలేదు. అంత పేరున్న ముక్కు, ఒక్క వాసన పట్టుకోలేకపోయింది.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం, బళ్ల వ్యవహారమంతా చూసే ఇంజినీరమ్మ షెడ్డులోకి వచ్చింది. ముప్పై దాటని పిల్ల. మేస్త్రి అంటే గౌరవం, కొంచెం భయం కూడా.

"మేస్త్రిగారూ, మనం దుప్పట్లు దింపే హోటళ్లలోనే రోజూ పీపాలకొద్దీ వాడేసిన వంటనూనె మిగులుతోంది. దాన్ని శుద్ధిచేసి ఊరిచివర ఫ్యాక్టరీలో బయోడీజిలు తయారుచేస్తున్నారు. మూడు నెలలు ఆరు బళ్లలో పోసి చూద్దాం. నాలుగు పాతవి, రెండు కొత్తవి."

"వంటనూనెతో బళ్లా అమ్మా? ఇవాళ నూనె పొయ్యమంటారు, రేపు ఇంజన్లో పోపు పెట్టమంటారు."

"పోపు అక్కర్లేదండీ, మీ ముక్కు చాలు. చివర్లో మీరు రాసిచ్చే కాగితాన్ని బట్టే ఉంచాలో తీసెయ్యాలో చెబుతానన్నారు పెద్దాయన."

పెద్దాయనంటే కంపెనీ యజమాని. కాదనడానికి లేదు. కొత్త ఇంధనం వచ్చింది. మేస్త్రి దాన్నీ నాలుగు మడతల గుడ్డలోంచే, మొహం చిట్లించుకునే, ముందుగా ఏడో నంబర్లో పోశాడు. మసిమరక ఉన్న గోడవారనే ఆ బండి చోటు. దాని డ్రైవరుకి గొణుగుడు అని పేరు. దణ్ణం పెట్టినా గొణుగుతూనే పెడతాడు.

గొణుగుడు తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. మేస్త్రి అలవాటు ప్రకారం వెనక్కి వెళ్లి, నడుం మీద చేతులేసుకుని, కళ్లు మూసుకుని పీల్చాడు.

మూకుడు. నూనె బాగా కాగి, మొదటి వాయి వెయ్యబోయే ముందు పైన సన్నగా ఆవిరి ఆడుతుందే, అప్పటి వాసన. దానికింద ఇనుము, గ్రీజు, తన షెడ్డు. గుమ్మంలో తను చొక్కా విప్పుతుంటే ఎదురుగా వచ్చి నిలబడిన ఆమె. ఇంట్లో మూకుడు పెట్టినా ఆ వాసన ఎందుకు రాలేదో మేస్త్రికి అప్పుడు తెలిసింది. ఆమె వాసనలో తన వాసన కూడా కలిసి ఉండేది.

"ఏం గురూ, అలా నిలబడిపోయావు? ఇంజనుకేమైనా రోగమా?"

"నోరుముయ్యి. ఆపకు."

కాసేపటికి కొళాయి దగ్గరికి వెళ్లి, ఇంకా మురికికాని ముఖం చాలాసేపు కడుక్కున్నాడు.

మర్నాటినుంచి మేస్త్రి అరగంట ముందే షెడ్డుకి రావడం మొదలుపెట్టాడు. పొగ పరీక్ష అన్నాడు. ఆరు బళ్లున్నా పరీక్షంతా ఏడో నంబరుదే. డ్రైవర్లు చాటుగా కన్నుగీటుకున్నారు. అతను చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వెనకటిలా విసుక్కోవడం తగ్గింది. ఒకసారి కొత్త డ్రైవరుకి తన ఘనకార్యాలు చెబుతూ వరద దగ్గర ఆగిపోయి, "మిగతావి రేపు చెబుతాలే" అన్నాడు. షెడ్డులో దాన్నొక వింతగా చెప్పుకున్నారు.

రెండు వీధుల అవతల ఉండే కూతురు, కుట్టుపని చేసే పిల్ల, ఆదివారాలు వచ్చి తండ్రి బట్టలు ఉతికి వెళ్లేది. ఆ ఆదివారం బక్కెట్టులో వెయ్యబోతూ ఖాకీ చొక్కాను ముఖం దగ్గరికి తీసుకుంది. అలాగే ఉండిపోయింది.

"నాన్నా, ఇదేంటి, ఈ చొక్కా అచ్చు అమ్మ..."

"ఏమిటే?"

"ఏం లేదు." చొక్కాను మడతపెట్టబోయి, మానేసి, గోడ మేకుకి తగిలించింది. "ఇది ఇవాళ ఉతకను."

తండ్రీ కూతుళ్లిద్దరూ ఆ మాట అక్కడే వదిలేశారు. కానీ మేస్త్రికి గుండె నిండింది. తన ముక్కు తనతో ఆడుకోవడం లేదన్నమాట.

అయిదో వారంలో ఏడో నంబరు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఫిల్టరు పూడుకుపోయింది. కొత్తది వేస్తే మూడు రోజులకి మళ్లీ ఆగింది. ఆ తర్వాత పన్నెండో నంబరు, దాని వెనకే ఇరవయ్యోది. ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి వెళ్లాల్సిన దుప్పట్లు రెండు గంటలు ఎండలో నిలిచిపోయాయి.

"గురూ, మా ఏడో నంబరుకి అజీర్తి చేసింది," అన్నాడు గొణుగుడు. "ఈ వయసులో నూనెపదార్థాలు పడవు దానికి. కాస్త పథ్యం పెట్టు."

"నీ నోటికి ముందు పథ్యం పెట్టాలి," అన్నాడు మేస్త్రి గానీ, గొంతులో ఊపు లేదు.

గురువారం పెద్దాయన స్వయంగా షెడ్డులోకి వచ్చాడు. "శనివారం దాకా చూస్తాను. అప్పటికి సంగతేమిటో తేలకపోతే మిగిలిన నూనె వెనక్కి పంపించెయ్యండి. మేస్త్రీ, కాగితం రాసి ఉంచు."

ఇంజినీరమ్మ ముఖం పాలిపోయింది. ఆయన వెళ్లాక, "ఫ్యాక్టరీ నూనెలోనే ఏదో తేడా ఉన్నట్టుందండీ. పరీక్షకి పంపాను. ఫలితం రావడానికి రెండు వారాలు పడుతుందట. అప్పటికి అంతా అయిపోతుంది," అంది.

అంతా అయిపోతుంది. ఆ మాట మేస్త్రి చెవిలో తిరుగుతూనే ఉంది. ఆరేళ్ల తర్వాత తిరిగొచ్చిన మనిషిని శనివారం మళ్లీ సాగనంపాలి.

శుక్రవారం భోజనాల వేళ, ఎవరూ లేనప్పుడు, పూడుకుపోయిన ఫిల్టర్లను పాత దుప్పటి గుడ్డ మీద వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. ఒకదాన్ని కోసి విప్పాడు. మడతల్లో నల్లటి జిగురు. వేలికి రాసుకుని వాసన చూశాడు. మూకుడు వాసన వస్తుందనుకున్నాడు. రాలేదు. రెండోది చూశాడు. మూడోది చూశాడు. డీజిలు. అదీ ఇప్పటిది కాదు. ఎన్నో ఏళ్లు కదలకుండా, తుప్పూ తేమా కలిసి, పులిసిపోయిన డీజిలు. ఆ ముక్కు ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

అప్పుడు ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. అదే నూనె పోసిన రెండు కొత్త బళ్లు ఒక్కసారీ ఆగలేదు. ఆగినవన్నీ పాతవే. ఉతుకుడు కంపెనీలో ఇన్నేళ్లున్నవాడికి ఆ మాత్రం తట్టకపోవడమే వింత. కొత్త నూనె చేసింది సబ్బు చేసే పనే. ఏళ్ల తరబడి ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డిని కరిగించి, కడిగి, ఫిల్టర్లలోకి తెచ్చిపెట్టింది. నాలుగు మడతల గుడ్డ బయటి నలకను ఆపుతుంది. లోపల పుట్టేదాన్ని ఏం ఆపుతుంది?

మేస్త్రి లేచి, ఏడో నంబరు కిందికి వెల్లకిలా దూరాడు. ఎర్రచుక్క ముక్కుకి జానెడు దూరంలో ఉంది. పంతొమ్మిదేళ్ల కిందట పెట్టింది. పెడుతుంటే ఆమె కొళాయి దగ్గరనుంచి, "బండికి కూడా సోకులేనా?" అని అరిచింది.

తను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నూనె మంచిది కాదని గుండ్రటి అక్షరాలతో రెండు వాక్యాలు రాసిస్తే సరి. నలభై ఒక్క చుక్కలూ అలాగే ఉంటాయి. వెళ్లిపోయేది పొగలో ఉన్న ఆమె ఒక్కతే. నోరువిప్పితే ఆమె ఉంటుంది. కానీ రేపటినుంచి కొత్త డ్రైవర్లని వంగబెట్టి చూపించడానికి బండి కింద ఏమీ ఉండదు.

ఎంతసేపు అలా పడుకున్నాడో, గొణుగుడు వచ్చి వంగి చూశాడు.

"గురూ, నిద్రపట్టిందా?"

"పదిహేడో నంబరు స్పానరియ్యి. ఆ బక్కెట్టు ఇటు తొయ్యి."

"గురూ... చుక్క..."

"నాకూ కళ్లున్నాయిరా. తొయ్యి."

బోల్టు మొరాయించింది. రెండో పట్టుకి కదిలింది. ఎండిన ఎర్రరంగు పెచ్చులు రాలి మేస్త్రి చెంప మీద పడ్డాయి. ముందు నూనె వచ్చింది. ఆ తర్వాత నల్లటి నీళ్లు. ఆపైన ముద్దలు ముద్దలుగా మడ్డి, బక్కెట్టులో చప్పుడు చేస్తూ పడింది. గొణుగుడు ఏదో అనబోయి, మేస్త్రి ముఖం చూసి, జీవితంలో మొదటిసారి గొణగడం మానేశాడు.

శనివారం మేస్త్రి ఒక చేత్తో బక్కెట్టూ ఒక చేత్తో కాగితమూ పట్టుకుని పెద్దాయన గదిలోకి వెళ్లాడు. గదిలో ఇంజినీరమ్మ కూడా ఉంది. కాగితం మీద ఇలా ఉంది: "నూనెలో దోషం లేదు. దోషం ట్యాంకులది. కొన్న నాటినుంచి కడగని ట్యాంకుల్లోని మడ్డిని ఈ నూనె కడిగింది. కడగకుండా ఉంచినది నేను. పాత బళ్లన్నిటి ట్యాంకులూ విప్పవలెను."

పెద్దాయన కాగితాన్ని రెండుసార్లు చదివి, బక్కెట్టులోకి చూశాడు. "ఇన్నేళ్లూ నీ మాటే నమ్మాం కదయ్యా."

"అక్కడేనండీ పొరపాటు జరిగింది. నేను కూడా నా మాటే నమ్మాను."

ఇంజినీరమ్మ తల వంచుకుంది. ఆ పిల్లకి కళ్లలో నీళ్లు తిరగడం మేస్త్రి చూశాడు. చూడనట్టు బక్కెట్టు ఎత్తుకున్నాడు.

పదకొండు రోజులు షెడ్డంతా ట్యాంకులు కడగడమే. ప్రతి బండి కిందికీ మేస్త్రే దూరాడు. తను పెట్టిన చుక్కను ఇంకొకరి చేత పగలగొట్టించలేదు. కడిగిన ట్యాంకు మీద అదే ఎర్రరంగుతో, అదే సన్నకుంచెతో, కడిగిన తేదీ రాశాడు. ఆ తర్వాత మూడు నెలలూ నిండేదాకా ఒక్క బండీ రోడ్డు మీద ఆగలేదు.

గడువు ముగిసిన రోజు ఇంజినీరమ్మ దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది.

"మేస్త్రిగారూ! పెద్దాయన సరేనన్నారు. ఆరు బళ్లకే కాదు, నలభై ఒక్కటికీ! అయితే పూర్తిగా నూనే కాదు. వందపాళ్లలో ఇరవై నూనె, ఎనభై డీజిలు కలిపి పోస్తాం."

"ఇరవయ్యేనా?"

"అన్ని బళ్లకీ సరిపోవాలి కదండీ. ఇంకో మంచి సంగతి, ఆ వాసన కూడా ఉండదు. దుప్పట్లు వంటింటి వాసనేస్తున్నాయని హోటళ్లవాళ్లు ఒకటే గొడవ."

మేస్త్రి చేతిలోని గుడ్డను నాలుగు మడతలు పెట్టాడు. విప్పి మళ్లీ పెట్టాడు. "మంచిదేనమ్మా. నువ్వు నెగ్గావు. అది చాలు," అన్నాడు.

మర్నాడు అందరికన్నా ముందే వచ్చాడు. చలిగా ఉంది. ఏడో నంబరు గోడవారన మసిమరక పక్కన నిలబడి ఉంది. డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి కొళాయి దగ్గర చేరారు. గొణుగుడు ఎక్కి తాళం తిప్పాడు. మేస్త్రి వెనక్కి వెళ్లి కళ్లు మూసుకున్నాడు.

ముందు డీజిలు. ఆ తర్వాతా డీజిలే. ఇంకొంచెం వంగాడు. అప్పుడు, పొగ చివర, సంత గుంపులో తెలిసిన మనిషి కొంగు ఒక్కసారి కనబడి మలుపు తిరిగినట్టు, వచ్చింది. చాలా సన్నగా. ఇంజను చల్లగా ఉన్న ఆ కాసేపే.

మేస్త్రి మసిమరకవైపు తిరిగాడు. కొళాయి దగ్గరివాళ్లందరికీ వినబడేలా, నోరారా అన్నాడు: "నువ్వే గెలిచావే."

డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎవరు గురూ గెలిచింది?" అన్నాడు కొత్తవాడొకడు.

"మీ అక్క," అన్నాడు గొణుగుడు, కిటికీలోంచి తల బయటపెట్టి. "ఆ రోజు పందెం కాసినప్పుడు నేనక్కడే చేతులు కడుక్కుంటున్నా. 'మనుషులు తిని నడవగా లేంది' అంది." మేస్త్రివైపు తిరిగాడు. "మరి ఆ రెండో తగువో గురూ? ఎవరి వాసన ఎక్కువ?"

"నాదే," అన్నాడు మేస్త్రి. "వందకి ఎనభై." గెలిచిన మనిషి గొంతులా లేదది.

ఇంజను వేడెక్కింది. పొగ పలచబడింది. ఇప్పుడు పీలిస్తే ఒట్టి డీజిలు.

"ఆపు," అన్నాడు.

"ఆపితే మళ్లీ చల్లారడానికి గంటపైన పడుతుంది గురూ. ఆసుపత్రి మూటలున్నాయి."

మేస్త్రి పక్కకి జరిగి దారిచ్చాడు. "అయితే వెళ్లు. రేపు పెందలాడే రా."